అమెరికా సీబీడీ సీసా, మన ఫ్యాటీ లివర్: మందుల కొట్టు కౌంటర్ దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ సూర్యారావుపేటలో మందుల కొట్టు పెట్టి పద్నాలుగేళ్లయింది. చుట్టుపక్కల అన్నీ స్కానింగ్ సెంటర్లు, ల్యాబులే. సాయంత్రం ఆరు దాటితే జనం రిపోర్టు కవరు పట్టుకుని డాక్టరు కన్నా ముందు మా కౌంటర్ దగ్గరికి వస్తారు. "గ్రేడ్ టూ ఫ్యాటీ లివర్ అని రాశాడండీ, భయమా?" అనే ప్రశ్న రోజుకి రెండుసార్లయినా వినబడుతుంది. కొన్నాళ్లుగా దానికి ఇంకోటి తోడైంది. "గంజాయి నూనె లివర్‌కి మంచిదంట కదా, మా అబ్బాయి అమెరికా నుంచి తెచ్చాడు" అంటూ గొంతు తగ్గించి, జేబులోంచి డ్రాపర్ ఉన్న చిన్న సీసా తీస్తారు. అలా సీసా చూపించిన ఒక రిటైర్డ్ మాస్టారి పుణ్యమే ఈ పేజీ. నేను డాక్టర్ని కాను, ఫార్మసిస్టుని. ఇది చదివి మందులు మొదలెట్టొద్దు, మానొద్దు.

గంజాయి అంటే మత్తే కదండీ, అందులో మందేముంటుంది?

ఆ మొక్కలో కానబినాయిడ్లు అనే రసాయనాలు వందకు పైగా ఉన్నాయి. మత్తెక్కించేది ప్రధానంగా టీహెచ్‌సీ. సీబీడీకి ఆ మత్తు లేదు, అమెరికా సీసా లేబుల్ మీద ఉండేది అదే. సీబీజీ, టీహెచ్‌సీవీ లాంటివి మొక్కలో కొద్దికొద్దిగా ఉంటాయి. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త రఫాయెల్ మెకూలమ్ బృందం 1963లో సీబీడీ నిర్మాణం తేల్చింది, 1964లో టీహెచ్‌సీని వేరు చేసింది. మన ఒంట్లోనే ఇలాంటి పదార్థం తయారవుతుందని 1992లో అదే బృందం కనిపెట్టి, 'ఆనందం' అనే మాట తీసుకుని దానికి 'ఆనందమైడ్' అని పేరు పెట్టింది. జెరూసలేం ల్యాబులో పుట్టిన రసాయనానికి మన మాట పేరవడం నాకు భలే ముచ్చటేస్తుంది. అయితే పేరు మనదైనంత మాత్రాన సరుకు మనకి పడుతుందనేం లేదు.

లివర్‌కీ దీనికీ సంబంధం ఏమిటి?

అసలు కథంతా ఇక్కడే ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

ఆనందమైడ్ లాంటివి పనిచేయాలంటే కణాల మీద వాటికి తగ్గ తాళాలుండాలి. వాటిలో ముఖ్యమైనవి రెండు, సీబీ1, సీబీ2. సీబీ1 మెదడులో దండిగా ఉంటుంది. ఆకలి, మూడ్, జ్ఞాపకం దాని చేతుల్లోనే. ఆరోగ్యంగా ఉన్న లివర్‌లో సీబీ1 నామమాత్రమే. లివర్‌లో కొవ్వు పేరుకుంటున్నప్పుడు, మచ్చలు కడుతున్నప్పుడు మాత్రం పెరుగుతుంది. పెరిగి ఊరుకోదు, కొవ్వు ఇంకా తయారు చెయ్యమని లివర్‌ని ఎగదోస్తుంది, మచ్చ గట్టిపడటానికీ సాయం చేస్తుంది. సీబీ1 లేకుండా పుట్టించిన ఎలుకలకి కొవ్వు మేత ఎంత పెట్టినా ఫ్యాటీ లివర్ రాలేదు. సీబీ2ది మాత్రం చాలా ప్రయోగాల్లో వాపుని, మచ్చని తగ్గించే గుణం.

గంజాయిలోని టీహెచ్‌సీ ఈ సీబీ1 తాళాన్ని తెరిచే చెవి. లివర్ బాగుపడాలంటే దాన్ని మూయాలి. "గంజాయి లివర్‌కి మంచిది" అని గంపగుత్తగా చెప్పేవాళ్లు ఈ ముక్క దగ్గరే తప్పులో కాలేస్తారు.

మూసే మందు కూడా వచ్చిందండీ. రిమోనబాంట్ అని, 2006లో యూరప్‌లో బరువు తగ్గడానికి అనుమతిచ్చారు. బరువు తగ్గింది, నడుం తగ్గింది, ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి. కానీ సీబీ1 మెదడులోనూ ఉంది కదా! దిగులు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు మొదలయ్యాయి. 2008లో అక్కడ వెనక్కి తీసుకున్నారు. మన దేశంలోనూ అమ్మారు, 2009 చివర్లో నిషేధించారు. మెదడు జోలికి పోకుండా లివర్‌లో మాత్రమే సీబీ1ని మూసే మందు కోసం వేట ఇంకా సాగుతూనే ఉంది.

ఇక సీబీడీ. అది సీబీ1కి గట్టిగా అతుక్కోదు, వేరే దారుల్లో పనిచేస్తుంది. అందుకే పరిశోధకుల చూపు దాని మీద, సీబీజీ మీద పడింది.

ఎలుకల్లో ఫ్యాటీ లివర్ తగ్గిందని వార్త చదివాను. అబద్ధమా?

నిజమే. కొవ్వు మేత పెట్టిన ఎలుకలకి సీబీడీ, సీబీజీ ఇస్తే లివర్‌లో కొవ్వు తగ్గిందని, షుగర్ కాస్త అదుపులోకి వచ్చిందని ఫలితాలొచ్చాయి. ఆ ఎలుక మాత్రం రాత్రి పదకొండింటికి బిర్యానీ తినదు, పెగ్గు వేయదు, బీపీ మాత్ర మింగదు. అన్నీ ఒకే వయసువి, ఒకే పోలిక. దాని పొట్టలోకి వెళ్లింది స్వచ్ఛమైన మందు, తూచి ఇచ్చిన మోతాదు. మనుషుల లివర్ మీద ఈ ఫలితం నిలబడిందని చూపించిన పెద్ద ట్రయల్ ఇప్పటికైతే నా కంటపడలేదు.

మా అబ్బాయి తెచ్చిన సీసాలో పది చుక్కలు చాలంటున్నాడు. సరిపోతాయా?

మాస్టారి సీసా తీసుకుని లెక్క వేద్దాం. ముప్పై మిల్లీలీటర్ల సీసా, లేబుల్ మీద వెయ్యి మిల్లీగ్రాముల సీబీడీ. మిల్లీలీటరుకి ఇరవై చుక్కలనుకుంటే సీసాలో ఆరు వందల చుక్కలు, చుక్కకి ఒకటిన్నర మిల్లీగ్రాము పైచిలుకు. పొద్దున పది, రాత్రి పది వేసుకుంటే రోజుకి దాదాపు 33 మిల్లీగ్రాములు.

చిట్టెలుక మోతాదుని మనిషికి మార్చేటప్పుడు కిలోకి ఇన్ని అని ఉన్నదాన్ని పన్నెండుతో భాగించడం పరిశోధకుల వాడుక. ఎలుకకి కిలోకి 30 మిల్లీగ్రాములు ఇచ్చారనుకోండి, మనిషికి కిలోకి రెండున్నర అవుతుంది. మాస్టారి బరువు 84 కిలోలు. అంటే రోజుకి 210 మిల్లీగ్రాములు, సీసా ఐదు రోజులు కూడా రాదు. ఆయన వేసుకుంటున్నది అందులో ఆరో వంతు.

మరి మోతాదు పెంచేద్దామా అంటే, అక్కడే లివర్ అడ్డం తిరుగుతుంది. అది కింది ప్రశ్నలో.

ఇంకో సంగతి. నోటితో తీసుకున్న సీబీడీలో రక్తంలోకి చేరేది చాలా తక్కువ, ఖాళీ కడుపున వేసుకుంటే మరీనూ. కొవ్వు ఎక్కువున్న భోజనంతో తీసుకుంటే అదే మోతాదు నాలుగింతలు ఒంటబడుతుందని సీబీడీతో చేసిన మూర్ఛ మందు లేబుల్లోనే ఉంది. కొవ్వు తగ్గించుకుందామని మొదలెట్టిన నూనె ఒంటబట్టాలంటే కొవ్వే తినాలన్నమాట! మాస్టారికి ఇది చెబితే కౌంటర్ మీద చెయ్యి కొట్టి నవ్వారు.

లేబుల్‌ని కూడా పూర్తిగా నమ్మొద్దు. అమెరికాలో ఆన్‌లైన్‌లో అమ్మే 84 సీబీడీ ఉత్పత్తుల్ని పరీక్షిస్తే లేబుల్‌కి దగ్గరగా ఉన్నవి 31 శాతమే అని 2017లో తేలింది. మొత్తం 84లో 18టిలో టీహెచ్‌సీ కూడా దొరికింది.

ఆకు మందే కదా, సీబీడీ వల్ల లివర్‌కి నష్టం ఎలా ఉంటుంది?

ఆకు మందైతే లివర్ దాటి పోతుందా ఏంటి? మింగిన ప్రతిదాన్నీ విరగ్గొట్టాల్సింది లివరే.

మనకి గట్టి లెక్కలున్నది ఎపిడియోలెక్స్ అనే మందు మీద. చిన్నపిల్లల్లో వచ్చే రెండు మొండి మూర్ఛ రోగాలకి 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చిన శుద్ధమైన సీబీడీ అది. రోజుకి కిలోకి 10 నుంచి 20 మిల్లీగ్రాములు ఇచ్చిన ట్రయల్స్‌లో 13 శాతం మందికి లివర్ దెబ్బతింటే పెరిగే ఎంజైము ఎస్‌జీపీటీ మామూలు గరిష్ఠానికి మూడింతలు దాటింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో అది ఒక్క శాతమే. వాల్‌ప్రోయేట్ కూడా వాడుతున్న పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. అందుకే ఆ మందు మొదలెట్టే ముందు, తర్వాత ఒకటో నెల, మూడో నెల, ఆరో నెల లివర్ టెస్టు చేయాలని రాసిపెట్టారు.

అది జబ్బున్న పిల్లల్లో, పెద్ద మోతాదులో అనుకోవచ్చు. ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకి కిలోకి 5 మిల్లీగ్రాముల చొప్పున 28 రోజులిచ్చి చూశారు. 2025లో వచ్చిన ఆ ఫలితాల్లో 5.6 శాతం మందికి ఎంజైములు మూడింతలు దాటాయి. ఆపేస్తే తిరిగి దిగాయి. వాళ్లకి ఏ నొప్పీ, కామెర్లూ లేవు, రక్తం తీస్తేనే తెలిసింది. మాస్టారి బరువుకి ఆ మోతాదు 420 మిల్లీగ్రాములు. ఆయన చుక్కలకి అది చాలా దూరమే. కానీ "చుక్కలు పనిచేయట్లేదు, పెంచుదాం" అనే మాట ఎప్పుడైనా వస్తుంది, నేను విన్నాను.

నేను వేసుకునే మాత్రలతో గొడవ ఉంటుందా?

నన్నడిగితే అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. దీని గురించి మాత్రం ఒక్కరూ అడగరు.

మనం వాడే మందుల్లో చాలావాటిని లివర్‌లోని కొన్ని ఎంజైములే కరిగించి బయటికి పంపుతాయి. సీబీడీ ఆ ఎంజైముల్లో కొన్నిటికి అడ్డం పడుతుంది. టోల్‌గేట్లో ఒక లైను మూసేస్తే వెనకాల బళ్లు నిలబడిపోయినట్టు, మిగతా మందులు రక్తంలో పేరుకుంటాయి. మూర్ఛకి వాడే క్లోబజామ్‌తో ఇది స్పష్టంగా కనిపించింది, మనిషి మగతగా పడిపోతాడు. గుండె వాల్వు మార్చుకుని రక్తం పల్చబరిచే వార్ఫరిన్ వాడేవాళ్లలో ఆ పల్చదనం చెప్పే ఐఎన్‌ఆర్ పెరిగిపోయిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మన దగ్గర ఎక్కువగా రాసే ఎసిట్రోమ్ కూడా ఆ కుటుంబానిదే. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు వాడే టాక్రోలిమస్ ఒక రోగి రక్తంలో దాదాపు మూడింతలైన కేసు కూడా ఉంది.

స్టెంటు వేయించుకుని క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లది ఇంకో మెలిక. ఆ మాత్రకి పని చేసే శక్తి వచ్చేదే లివర్‌లోని ఒక ఎంజైము చేతిలో, సీబీడీ అడ్డం పడేవాటిలో అదీ ఒకటి. టీబీ మందులు వాడుతున్నవాళ్లు అసలు ఈ ఆలోచనే పెట్టుకోవద్దు, ఆ మందులే లివర్ మీద బరువు.

సీసా వాడుతుంటే డాక్టరుతో నిజం చెప్పండి. సిగ్గుపడి దాస్తే, ఐఎన్‌ఆర్ ఎందుకు పెరిగిందో తెలియక ఆయన మంచి మందు మార్చేస్తాడు.

దీంతో షుగర్ తగ్గుతుందంటారు?

సీబీడీతో తగ్గినట్టు మనుషుల్లో తేలలేదు. 2016లో 62 మంది టైప్ 2 షుగర్ రోగుల మీద పదమూడు వారాల చిన్న ట్రయల్ జరిగింది. సీబీడీ 100 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లిస్తే షుగర్‌లో, కొలెస్ట్రాల్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. టీహెచ్‌సీవీ 5 మిల్లీగ్రాములు రెండుసార్లు తీసుకున్నవాళ్లలో మాత్రం పరగడుపు షుగర్ తగ్గింది. ఆశ పుట్టించే ఫలితమే గానీ, 62 మంది ఫలితాన్ని పట్టుకుని మెట్‌ఫార్మిన్ మానేస్తారా? మీ సీసాలో టీహెచ్‌సీవీ ఉండే అవకాశం కూడా తక్కువే.

గంజాయి తాగే కుర్రాళ్లు సన్నగానే ఉంటారుగా?

ఇదొక వింత. గంజాయి తాగితే ఆకలి దంచేస్తుంది. టీహెచ్‌సీనే మందుగా చేసి డ్రోనబినాల్ పేరుతో ఎయిడ్స్ రోగులకి ఆకలి పుట్టడానికి అమెరికాలో 1992 నుంచి ఇస్తున్నారు. అయినా జనాభా లెక్కల్లో చూస్తే గంజాయి వాడేవాళ్ల సగటు బరువు తక్కువ, పరగడుపు ఇన్సులిన్ 16 శాతం తక్కువ. ఈ రెండో సంగతి 2013లో అమెరికాలో వచ్చింది. వాళ్లలో ఫ్యాటీ లివర్ తక్కువని చెప్పినవీ ఉన్నాయి. దానికి ఎదురుగా, ఇంకో అమెరికా అధ్యయనంలో వాడేవాళ్లకే షుగర్ ముందు దశ ఎక్కువని 2015లో తేలింది.

ఏది నిజమంటే, రెండూ లెక్కలే, కారణాలు కావు. వాడేవాళ్లు ఎక్కువగా కుర్రాళ్లు, సిగరెట్టూ తాగుతారు, తిండికి వేళాపాళా ఉండదు. సన్నబడ్డ ప్రతివాడికీ ఆరోగ్యం వచ్చిందనుకుంటే టీబీ వచ్చినవాణ్ణి కూడా మెచ్చుకోవాలి. హెపటైటిస్ సి ఉన్నవాళ్లలో రోజూ గంజాయి తాగితే లివర్ మచ్చ పెరుగుతుందని 2005లో ఒకరన్నారు, తర్వాత కొందరు కాదన్నారు. మద్యం, గంజాయి కలిపి కొట్టేవాడి లివర్ చెడితే మాత్రం పెద్దగా ఆలోచించక్కర్లేదు, ముందు మద్యం సీసా వైపే చూడాలి.

భంగు, గంజాయి చాక్లెట్లు పొగ తాగినంత ప్రమాదం కాదంటారు?

మింగినప్పుడు టీహెచ్‌సీ ముందు లివర్‌కే వెళ్తుంది. అక్కడ అది ఇంకా బలమైన మత్తు పదార్థంగా మారి మెదడుకి చేరుతుంది. పొగలో నిమిషాల్లో తెలిసేది, మింగితే అరగంట నుంచి రెండు గంటలు పట్టొచ్చు. "ఏమీ ఎక్కట్లేదే" అని రెండో ముక్క వేసేది ఆ సందులోనే. పిల్లలున్న ఇంట్లో చాక్లెట్ రూపంలో ఉండటం మరీ ఘోరం.

ఆయుర్వేదంలో 'విజయ' అంటారుగా, అదీ ఇదే కదా?

ఆ మొక్కే. భాంగ్ ఆకు మన ఆయుర్వేదంలో విజయ పేరుతో ఉంది. మన ఊరి పేరుకి దానికీ మాత్రం ముడిపెట్టకండి, అర్జునుడూ అమ్మవారూ ఇద్దరూ ఊరుకోరు. దాన్ని ఔషధ నియమాల్లోని ఈ(1) షెడ్యూలులో, అంటే వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాల్సిన విష పదార్థాల జాబితాలో పెట్టారు, గింజలు మినహా. ఆయుర్వేద వైద్యుడు చూసి రాయాలి, ఆయనకి మీ ఇంగ్లీషు మందుల చీటీ కూడా చూపించాలి. విజయ ఫ్యాటీ లివర్‌ని తగ్గిస్తుందని నిరూపణ లేదు.

సూపర్‌మార్కెట్లో హెంప్ గింజలు అమ్ముతున్నారు. అవి?

అది తిండి. 2021లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఒప్పుకుంది. గింజల్లో టీహెచ్‌సీ కిలోకి 5 మిల్లీగ్రాములు దాటకూడదు. గింజ నూనెలో సీబీడీ దాదాపు ఉండదు, మంచి కొవ్వులుంటాయి. అవిసె గింజలు అంతకన్నా చాలా చవక. అన్నట్టు మన పొలాల్లో వేసే జనుము ఇది కాదు, అది పూర్తిగా వేరే మొక్క.

గన్నవరం విమానాశ్రయంలో పట్టుకుంటారా?

ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం 1985లో వచ్చింది. అందులో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొమ్మ చివర్లు. చరస్ అంటే దాని బంక. వీటితో కలిపి చేసిన ఏ మిశ్రమమైనా చట్టం కిందికే వస్తుంది. సీసాలో టీహెచ్‌సీ ఉందని తేలితే "మా అబ్బాయికి తెలియదు సార్" అంటే తప్పించుకోవడం కష్టం. గంజాయి కిలో లోపు దొరికినా ఏడాది వరకు జైలు పడొచ్చు. ఇరవై కిలోలు దాటితే పదేళ్ల నుంచి ఇరవయ్యేళ్లు. మన్యం నుంచి జాతీయ రహదారి 16 మీదుగా, రైళ్లలో సరుకు మన ఊరి గుండానే పోతుంది కాబట్టి ఇక్కడ నిఘా మామూలుగా ఉండదు. పిల్లలకి ఫోన్లోనే చెప్పేయండి, సూట్‌కేసులో పెట్టొద్దని.

మరి ఫ్యాటీ లివర్‌కి ఏం వాడాలి?

మందుల కొట్టువాణ్ణి నేనే చెబుతున్నాను, ముందు కాటా. బరువులో 5 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా దిగుతుంది, పది దాటితే మచ్చ కూడా కరగొచ్చు. 84 కిలోల మనిషికి నాలుగు కిలోలు మొదటి మెట్టు. మన ఒంటికి బీఎంఐ 23 దాటితేనే ఎక్కువ కింద లెక్క. మగవాళ్లకి నడుం 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. రెండు పూటలా తెల్లన్నం, సాయంత్రం పునుగులు, కూల్‌డ్రింకు మానేసి, మద్యం జోలికి పోకుండా రోజూ నడిస్తే సగం పని అయిపోతుంది.

మందులూ వచ్చాయి. మన దేశంలో సారోగ్లిటాజార్‌కి 2020లో అనుమతి వచ్చింది. అమెరికాలో 2024లో రెస్మెటిరోమ్‌కి, 2025లో సెమాగ్లూటైడ్‌కి లివర్ వాపు, మచ్చ ఉన్నవాళ్ల కోసం అనుమతిచ్చారు. ఎవరికి ఏదన్నది లివర్ ఎంత గట్టిపడిందో చెప్పే ఫైబ్రోస్కాన్ చూసి డాక్టరు తేలుస్తారు. స్కాన్‌లో రాసే గ్రేడు కొవ్వు సంగతి చెబుతుంది, మచ్చ సంగతి చెప్పదు. గ్రేడ్ వన్ అని రాశాడని నిశ్చింతగా ఉండేవాళ్లకి ఇది తెలియదు.

ఇప్పటికే గంజాయి అలవాటుంది. డాక్టరుకి చెబితే పోలీసుల దాకా వెళ్తుందా?

వైద్యం కోసం చెప్పండి. అలవాటు పడినవాడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకి వస్తే, వాడకం కేసు, చిన్న మోతాదు కేసుల్లో విచారణ నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ 64ఏ అదే చట్టంలో ఉంది. మాన్పించే సాయానికి 14446, మనసు బాగోకపోతే టెలి మానస్ 14416. ఎవరైనా అమ్ముతుంటే చెప్పడానికి మన రాష్ట్ర ఈగిల్ విభాగం నంబరు 1972. రోజూ తాగినవాళ్లకి మానేశాక కూడా వారాల తరబడి మూత్రంలో కనబడుతుంది, టీహెచ్‌సీ కొవ్వులో దాక్కుంటుంది కాబట్టి. మానేసిన మొదటి వారం నిద్ర పట్టదు, చిరాకు. అది తగ్గుతుంది.

ఆ మాస్టారి సంగతేమైంది?

పదకొండు రోజులు చుక్కలు వేసుకుని, ఎసిట్రోమ్ వాడుతున్నారు కదా అని నేను భయపెడితే ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఐఎన్‌ఆర్ బాగానే ఉంది. డాక్టరు నడక పెట్టమన్నారు. అప్పట్నుంచి పొద్దున్నే బ్యారేజీ వైపు, రాత్రికి రెండు పుల్కాలు. మూడున్నర నెలలకి 84 నుంచి 79 కిలోలకి వచ్చారు, ఎస్‌జీపీటీ 96 నుంచి 47కి దిగింది. రిపోర్టు ఫొటో అమెరికాకి పంపితే అబ్బాయి ఫోన్ చేశాడట: "చూశావా నాన్నా, ఆ ఆయిల్ ఎంత పనిచేసిందో!"

సీసా ఇంకా సగానికి పైగా నిండుగా మా కౌంటర్ కింద సొరుగులో ఉంది. మాస్టారు అడగలేదు, నేనూ ఇవ్వలేదు.